నాలుగో కుర్చీ

పదకొండో వారం

కిందటి వారం కాజాలక్కను కార్మిక శాఖ భవనం రెండో అంతస్తులో, మూసిన తలుపు ముందు నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఏడు రోజులుగా ఆవిడ అక్కడే నిలబడి ఉంది. లోపలికి పంపే ముందు, పత్రిక ఇవాళే చేతికందిన వారి కోసం రెండు ముక్కలు చెప్పుకుందాం.

చొక్కాకు గుండీ పట్టే రంధ్రం అంచు చుట్టూ దారంతో కుట్టే పనినే కాజా కుట్టడం అంటారు. షాపులో కత్తిరించి, మిషన్ మీద కుట్టిన బట్టలు మూటలుగా ఇళ్ళకు వెళతాయి. ఇళ్ళల్లో ఆడవాళ్ళు కాజాలు కుట్టి పంపితే మూటలు మళ్ళీ షాపుకు చేరతాయి. అలా కుట్టేవాళ్ళు ఆ ఊళ్ళో మూడు వందల పన్నెండు మంది. వాళ్ళందరికీ పెద్ద దిక్కు మన కాజాలక్క.

ఇప్పుడు దర్జీ పనుల మీద కొత్త చట్టం వస్తోంది. అక్కడి పద్ధతి ఏమిటంటే, ఏ వృత్తి మీద చట్టం చేయాలన్నా ముందు ఆ వృత్తి మండలి కూర్చోవాలి. దర్జీ మండలిలో కుర్చీలు మూడే. ఒకటి షాపు యజమానుల సంఘానిది, ఒకటి పనివాళ్ళ యూనియన్‌ది, మూడోది ప్రభుత్వానిది. ముగ్గురూ తలూపిన బిల్లులో శాసనసభ కామా కూడా మార్చదు. ఒక్కరు అడ్డంగా తలూపినా ఆ మాట బిల్లులోకి రాదు. ఒకసారి చేరిన మాటను తీసేయాలన్నా అందరూ తలూపాలి. కుర్చీ ఉన్నవాళ్ళు చట్టం రాస్తారు, లేనివాళ్ళు వరండాలో నిలబడి అది ఎలా వస్తుందో చూస్తారు.

ఆ బిల్లులో పద్నాలుగో క్లాజు ఒకటుంది. 'ఇంటివద్ద చేయు చేతిపని కుటుంబ సహాయముగా పరిగణించబడును.' ఉన్నది ఒక్క వాక్యమే. అది చట్టమైతే కాజా కుట్టడం పనే కాదు. గుర్తింపు కార్డు ఉండదు, సూది దిగిన వేలికి వైద్యం ఉండదు, కళ్ళు దెబ్బతింటే అడిగే నాథుడు ఉండడు.

అందుకే మనవాళ్ళు నాలుగో కుర్చీ అడిగారు. అది దక్కాలంటే రెండు గండాలు దాటాలి. తమది వేరే వృత్తి అని రుజువు చేయాలి, ఉన్న రెండు సంఘాల్లో ఒక్కటైనా ఒప్పుకోవాలి. రెండూ వద్దని రాసిచ్చాయి. యూనియన్ తరపున వద్దని సంతకం పెట్టినది స్వయానా కాజాలక్క మేనమామ. తలుపు ముందు నిలబడి ఆ సంతకం చూసుకుంటున్నప్పుడే కిందటి వారం మన కథ ఆగింది. సోమవారం బిల్లు సభకు వెళుతుంది. మండలికి ఇదే ఆఖరి సమావేశం.

ఇక తలుపు తీద్దాం.

తీసినవాడు అటెండరు. "మూడొందల మందీ లోపలికంటే ఎలాగమ్మా, ఉన్నవి రెండు బెంచీలు," అన్నాడు. పదకొండు మంది సర్దుకుని కూర్చున్నారు. మిగతావాళ్ళు వరండాలో, మెట్ల మీద, కింద సైకిల్ స్టాండు దాకా బారుతీరి నిలబడ్డారు. లోపలి సంగతులు కింది దాకా చేరవేయడానికి రేడియో పిన్నిని తలుపు పక్కనే కూర్చోబెట్టారు. ఆవిడ గుసగుస వీధి మలుపు దాకా వినపడుతుంది. ఆ పనికి అంతకన్నా తగిన మనిషి దొరకదు.

వెనక బెంచీ మూలన అత్తయ్య కూర్చుంది. అంటే మేనమామ భార్య. ఒళ్ళో భోజనం క్యారియర్ ఉంది. మామయ్య ఆవిణ్ణి చూసి, అక్కడే ఉండమన్నట్టు చెయ్యి ఊపాడు. తన కోసమే వచ్చిందనుకున్నాడు.

ఈ మామయ్యను ఊరంతా కత్తెర మామయ్య అంటుంది. ముప్పై ఏళ్ళుగా కటింగ్ మాస్టరు, పన్నెండేళ్ళుగా యూనియన్ కార్యదర్శి. చెవి మీద గుర్తులు పెట్టే సుద్దముక్క ఎప్పుడూ ఉంటుంది, స్నానానికి వెళ్ళినప్పుడు కూడా తీస్తాడో లేదో అత్తయ్యకే తెలియాలి. ఆయనకు ఎదురుగా కూర్చున్నది యజమానుల సంఘం అధ్యక్షుడు. ఎండల్లో కూడా కోటు విప్పడు కాబట్టి ఆయన కోటు పెద్దాయన. ఇద్దరూ పన్నెండేళ్ళుగా ఉప్పూ నిప్పూ. ఎదురుపడితే ఒకరు గోడ వైపు, ఒకరు కిటికీ వైపు చూస్తారు. అలాంటిది ఇవాళ ఒకే జగ్గులో నీళ్ళు ఒకరికొకరు పోసుకుంటున్నారు.

"ఇద్దరూ ఒక్కటైపోయారే!" అని రేడియో పిన్ని గుసగుసలాడింది. కింద సైకిల్ స్టాండు దగ్గర ఎవరో "అయ్యో" అన్నారు.

మధ్యలో కమిషనర్ మేడమ్. కళ్ళజోడు తల మీద పెట్టుకుని టేబులంతా వెతుక్కునే మనిషి. అది దొరికాక కాగితాలు తిప్పింది. "నాలుగో కుర్చీ దరఖాస్తు. యజమానుల సంఘం ఏమంటుంది?"

కోటు పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "అనడానికేముంది మేడమ్! చొక్కా అంటే చొక్కా. కాజా వేరే వృత్తి అని వీళ్ళకి కుర్చీ ఇస్తే రేపు కాలర్ వాళ్ళొస్తారు, ఎల్లుండి జేబు వాళ్ళొస్తారు. ఈ గది చాలదు. అయినా మా షాపుల్లో కాజాలు మిషన్లే కుడతాయి. బయటికెళ్ళే పనంటూ లేదు."

"యూనియన్?"

"ఆయన మాటతో నేను ఒప్పుకోవడం ఇదే మొదటిసారి మేడమ్. తారీఖు వేసి రాసుకోండి," అన్నాడు మామయ్య. నలుగురూ నవ్వారు. "ఇళ్ళ దగ్గర కుట్టేవాళ్ళు పదిమందో, పన్నెండుమందో ఉంటారు. వాళ్ళూ మావాళ్ళే కదా. మావాళ్ళ భార్యలు, అక్కచెల్లెళ్ళు. వాళ్ళ తరపున నేనున్నాను. మధ్యలో వేరే కుర్చీ దేనికి?"

కాజాలక్క లేచింది. చిన్నప్పుడు సూదిలో దారం ఎక్కించడం నేర్పింది ఈ మామయ్యే. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆయన్ని 'నువ్వు' అనే పిలిచింది. అందుకే ఇప్పుడు వచ్చిన మాటకు ఆయన కుర్చీలో కదిలాడు.

"మామయ్య గారూ, మా తరపున మీరు మాట్లాడే ముందు మమ్మల్ని ఎప్పుడైనా అడిగారా?"

"గారేంటి తల్లీ కొత్తగా! అడిగేదేముంది, నాకు తెలీదా?"

"తెలిస్తే పద్నాలుగో క్లాజుకి ఎలా ఒప్పుకున్నారు?"

మామయ్య నీళ్ళ గ్లాసు కొంచెం జరిపాడు. అబద్ధం చెప్పే అలవాటు లేని మనిషి, నిజం చెప్పడానికి తంటాలు పడుతున్నాడు.

"వారపు సెలవు కోసం," అన్నాడు చివరికి. "షాపుల్లో నాలుగు వేల మంది పనిచేస్తారు. వారానికొక రోజు వాళ్ళు ఇంటి పట్టున ఉండాలని పన్నెండేళ్ళు అడిగాను. ఆ క్లాజు ఉంటే సెలవిస్తానన్నాడు ఈయన. నువ్వైతే ఏం చేస్తావు? నాలుగు వేల మంది ఒకవైపు, పన్నెండు మంది ఒకవైపు."

"మూడొందల పన్నెండు," అంది కాజాలక్క.

"ఎక్కడున్నారు?" అని అందుకున్నాడు కోటు పెద్దాయన. "ఏ షాపు రిజిస్టర్లో ఉన్నారు? ఒక్క పేరు చూపించమనండి, మేడమ్. ఒక్కటంటే ఒక్కటి."

రిజిస్టర్లో పేరెక్కడిది! మూట వస్తుంది, మూట పోతుంది, కాగితం ముక్క ఉండదు. కాజాలక్క ఆరు నెలలు తిరిగి మూడు వందల పన్నెండు సంతకాలు పోగుచేసింది, సంతకం పెట్టినవాళ్ళు కాజాలు కుడతారని చెప్పే కాగితం మాత్రం సంపాదించలేకపోయింది. ఆవిడ తల వంచుకుంది. వంచుకున్న తల ఎత్తేటప్పుడు టేబుల్ చుట్టూ ఉన్న చొక్కాలు కనిపించాయి. ఒక్కొక్కటే చూసింది. చూసేకొద్దీ ఆవిడ పెదవుల మీదికి నవ్వు ఎక్కడినుంచో పాక్కుంటూ వచ్చింది.

"రుజువు మీరంతా తొడుక్కుని కూర్చున్నారు మేడమ్," అంది. "దగ్గరికొచ్చి చూపించమంటారా?"

కమిషనర్ మేడమ్‌కు పొద్దుటినుంచి ఇదొక్కటే ఆసక్తిగా అనిపించినట్టుంది. "రండి, రండి," అంది.

కుర్చీల వెనక ఒక్కో సంఘానికి ఇద్దరేసి సహాయకులు కూర్చుని ఉన్నారు. కాజాలక్క యజమానుల వైపు మొదటి సహాయకుడి దగ్గరకు వెళ్ళింది. "బాబూ, చొక్కా చివరి గుండీ ఒక్కటి విప్పు. భయపడకు, అదొక్కటే." అతను బిక్కమొహం వేసి విప్పాడు.

"మిషన్ అయితే ముందు కుట్టి తరవాత మధ్యలో కోస్తుంది మేడమ్. అందుకే లోపల దారప్పోగులు నూగులా లేస్తాయి. మేం ముందు కోసి, ఆ అంచు చుట్టూ కుట్టుకొస్తాం. నున్నగా ఉంటుంది, వేలు పెట్టి చూడండి. మరి ఈ చివర అడ్డకుట్టు చూశారా? నాలుగు చుట్లు. అందరం మూడే వేస్తాం. నాలుగు వేసేది మిల్లు వెనక సందులో ఉండే కవలల తల్లి. ఏదెక్కడ ఊడిపోతుందోనని ఆవిడకి ఎప్పుడూ భయమే."

"నేనే! నేనే కుట్టాను!" అని మెట్ల మీదినుంచి ఒక గొంతు ఎగిరి వచ్చింది. వరండా అంతా చప్పట్లు.

రెండో సహాయకుడు అడగకుండానే గుండీ విప్పేశాడు. "దీని దారానికి మైనం పట్టించారు. మైనం పట్టించనిదే సూది ముట్టనిది పోస్టాఫీసు పక్కింటి పెద్దావిడ," అంది కాజాలక్క. యూనియన్ వైపు మొదటి అతని దగ్గర కాసేపు తటపటాయించింది. "ఇది కాస్త వంకర. మాటల్లో పడి కుట్టినది. అంటే..."

"నాదే, నాదే, ఇంకేం చెప్పకు!" అంది రేడియో పిన్ని. ఈసారి కిందికి ఏ వార్తా పంపలేదు. కానీ పైన పుట్టిన నవ్వు దానంతటదే దిగి వెళ్ళింది.

నాలుగో అతని చొక్కా కూడా చదివేశాక కమిషనర్ మేడమ్ ఉండబట్టలేక తన చొక్కా చేతి అంచు ముందుకు చాపింది. "నాది?"

కాజాలక్క చూసి తల అడ్డంగా ఊపింది. "ఇది మిషన్‌ది మేడమ్. రెండు ఉతుకులకి ఊడుతుంది."

"ఒక్కదానికే ఊడింది," అని మేడమ్ నిట్టూర్చింది. "సరే, ఇక పెద్దాయనది చూడండి."

కోటు పెద్దాయన చెయ్యి చటుక్కున కోటు కాలరు మీదికి వెళ్ళింది. "ఇది ప్రత్యేకంగా కుట్టించుకున్న కోటు. మా షాపులోనే, చెయ్యి తిరిగిన మాస్టరు చేత."

"కాలరు మీద ఈ కాజా అందానికి పెడతారు, మేడమ్. లోపల లావు దారం ఒకటి పరిచి, దాన్ని కప్పుతూ కుట్టాలి. ఒక్క కాజాకి ఒక పూట పడుతుంది," అంది కాజాలక్క. ఆ తరవాత ఆయన వైపు తిరిగింది. "కిందటి చలికాలం మూట తెచ్చినతను చెప్పాడు బాబుగారూ, పెద్దాయన కూతురి పెళ్ళికి తొడుక్కునే కోటు, జాగ్రత్త అని. జాగ్రత్తగానే కుట్టాను. నచ్చిందాండీ?"

"చాలా బాగుం..." అన్నాడు కోటు పెద్దాయన. మనస్ఫూర్తిగా అన్నాడు, అక్కడే వచ్చింది చిక్కు. అందరూ తన వైపే చూస్తున్నారని గ్రహించి దగ్గడం మొదలుపెట్టాడు. మామయ్యే జగ్గు అందుకుని ఆయనకు నీళ్ళు పోయాల్సి వచ్చింది.

"వేరే వృత్తి అని రుజువైంది. ఒకటో షరతు తీరింది," అని రాసుకుంది కమిషనర్ మేడమ్. బెంచీల మీది ఆడవాళ్ళు ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు. "రెండోది మిగిలింది. రెండు సంఘాల్లో ఒకటి ఒప్పుకోవాలి. పెద్దాయనా?"

"వద్దు," అన్నాడు ఆయన దగ్గు మధ్యనుంచే. "కుట్టు బాగుండటం వేరు, కుర్చీ వేరు."

చూపులన్నీ మామయ్య మీదికి మళ్ళాయి. ఆయన మొహం కందగడ్డలా ఉంది. నవ్వులపాలైన కోపం కొంత, మేనకోడలి తెలివికి లోపల పొంగుతున్న సంతోషం కొంత. దేన్ని బయటపెట్టాలో తెలియక మొండిపట్టు పట్టాడు.

"అందరివీ చదివావు. నాది వదిలేశావేం?" అన్నాడు.

వదిలేయడానికి కారణం ఉంది. ఆ చొక్కా కాజాలను కాజాలక్క గదిలోకి అడుగుపెడుతూనే గుర్తుపట్టింది. అది ఎవరి చెయ్యో తెలుసు. ఎవరికీ చెప్పనని ఆ మనిషికి మాటిచ్చింది కూడా.

"అది చెప్పలేను, మామయ్యా."

"ఎలా చెప్తావు! బట్ట నేనే కత్తిరించాను. నా కళ్ళముందే మా షాపులో మిషనెక్కింది. అది ఎవరింటికీ వెళ్ళలేదు. కాబట్టి నీ లెక్కలో ఒకటి తప్పు. ఒకటి తప్పైతే ఇంకెన్ని తప్పో!"

"చెప్పవే! నీకు తెలుసు, చెప్పవే!" అని రేడియో పిన్ని సీట్లోంచి సగం లేచింది.

కాజాలక్కకు ఏడుపొచ్చినంత పనైంది. ఒక్క పేరు చెబితే మామయ్య నోరు మూతపడుతుంది. మూడు వందల పన్నెండు మంది ఆరు నెలల తిరుగుడు ఆ ఒక్క పేరు మీద వేలాడుతోంది. కానీ ఇచ్చిన మాట ఇచ్చినట్టే ఉండాలి కదా. "సరే మామయ్యా, వెళ్ళలేదు," అంది. కమిషనర్ మేడమ్ బాధగానే పెన్ను తీసి, యూనియన్ గడిలో 'వద్దు' అని రాయబోయింది.

వెనక మూలనుంచి క్యారియర్ నేల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

"ఎవరింటికీ వెళ్ళని మాట నిజమేనండీ," అంది అత్తయ్య లేచి నిలబడి. "మనింటికే వచ్చింది."

మామయ్య వెనక్కి తిరిగాడు. "నువ్వెందుకు లేచావు? కూర్చో."

"కూర్చునే కుట్టానండీ ఇన్నాళ్ళూ. కాసేపు నిలబడనివ్వండి." ఆవిడ టేబుల్ వైపు తిరిగింది. "మేడమ్, నాది ఎడమచేతి వాటం. అందరి కుట్టూ ఒకవైపుకు సాగితే నాది రెండోవైపుకు సాగుతుంది. అందుకే మా పిల్ల ఇట్టే పట్టేస్తుంది. చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను. సంతకాల్లో మొట్టమొదటిది నాదే."

"ఎప్పట్నుంచి?" అన్నాడు మామయ్య.

"తొమ్మిదేళ్ళు. మీ చొక్కాలొకటే కాదు, మీ షాపు మూటలు సగం నావే."

"నాకెందుకు చెప్పలేదూ?"

"మా ఆవిణ్ణి కష్టపెట్టకుండా చూసుకుంటున్నానని ప్రతి మీటింగులో చెప్తారు కదా. నలుగురిలో మీ మాట పోతుందేమోనని ఊరుకున్నాను." ఆవిడ కళ్ళు తుడుచుకుని, అంతలోనే నవ్వేసింది. "మీ సెలవు మాట కూడా చెప్పనివ్వండి. రెండు నెలలుగా మీ షాపులో ముందే మొదలెట్టారుగా! సెలవుకి ముందు రోజు షాపు కట్టేస్తూ ఉన్న మూటలన్నీ ఇళ్ళకి పంపేస్తున్నారు. సెలవు రోజు మీరు భోంచేసి పడుకుంటే, మీరు లేచేలోపు నేను వంటింట్లో ఐదారు చొక్కాలు ముగించాలి. మీకు సెలవు రావాలని నేనూ మొక్కుకున్నాను. అది నా వీపు మీదినుంచి వస్తుందనుకోలేదు."

మామయ్య కళ్ళజోడు సర్దుకున్నాడు. తన చొక్కా పై గుండీ విప్పి, కాజాను వెలుతురుకేసి పెట్టి చూసుకున్నాడు. తరవాత రెండోది, మూడోది. ముప్పై ఏళ్ళ పనివాడి చూపు అది, భార్య చేతిపనిని మొదటిసారి చూస్తోంది. మొత్తం ఏడు కాజాలూ చూశాక తలెత్తాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఇంత చక్కగా కుడుతున్నదెవరా అని ఎన్నిసార్లు అనుకున్నానో," అన్నాడు. "మా షాపు టైలర్ని పిలిచి మెచ్చుకున్నాను కూడా. వెధవ, సిగ్గుపడుతూ నిలబడ్డాడు!"

ఆ మాటకు మొదట నవ్వింది అత్తయ్య. తరవాత గదంతా నవ్వింది. కోటు పెద్దాయన కూడా, తన సంగతి మర్చిపోయి, కడుపు పట్టుకున్నాడు.

"మేడమ్, మేం రాసిచ్చిన కాగితం ఒకసారి ఇటివ్వండి," అన్నాడు మామయ్య. తీసుకున్నాడు, చెవి మీది సుద్దముక్క తీశాడు, 'వద్దు' అన్న మాటను అడ్డంగా కొట్టేసి పక్కన పెద్దక్షరాలతో 'సమ్మతమే' అని రాశాడు.

"సుద్దతో రాస్తే చెల్లదండీ. దులిపితే పోతుంది," అంది కమిషనర్ మేడమ్ నవ్వు ఆపుకుంటూ.

"అలవాటు, అలవాటు," అని పెన్ను పుచ్చుకుని, సుద్ద రాత మీదే గట్టిగా ఒత్తి మళ్ళీ రాశాడు. సంతకం కింద రెండు గీతలు గీశాడు. "పన్నెండుమంది అనుకుని తలూపాను, తల్లీ. నా ఇంట్లో ఉన్నదాన్నే లెక్క వెయ్యలేదు. తిట్టాలంటే తిట్టు, గారు మాత్రం అనకు."

"తిడతాలే మామయ్యా, నువ్వు ఇంటికి రా," అంది కాజాలక్క. ఇంకేమైనా అంటే ఏడ్చేసేదే.

"వచ్చేసిందే! కుర్చీ వచ్చేసిందే!" అని రేడియో పిన్ని ఈసారి గుసగుసలు పక్కనపెట్టి నిజంగానే అరిచింది. వరండా హోరెత్తింది. మెట్ల మీద ఎవరో పాట అందుకున్నారు. కింద సైకిళ్ళ గంటలన్నీ ఒక్కసారి మోగాయి. ఆరు నెలలు కాళ్ళరిగేలా తిరిగిన ఆడవాళ్ళు ఒకరినొకరు కావలించుకుని, పక్కనే ఉన్న అటెండర్ని కూడా కావలించుకోబోయి ఆగారు.

కుర్చీ అయితే మంజూరైంది గానీ గదిలో కుర్చీ లేదు. అటెండరు పరుగున వెళ్ళి టైపిస్టు గదినుంచి ఒకటి లాక్కొచ్చాడు. ఒక చెయ్యి విరిగి ఉంది. అందులో కూర్చుంటే కాజాలక్క గడ్డం టేబులుకు ఆనింది. మామయ్య అటూ ఇటూ చూసి, బీరువాలోంచి పాత చట్టాల సంపుటాలు రెండు తెచ్చి కింద వేశాడు. "కూర్చో. ఇన్నాళ్ళకి ఇవి మనవాళ్ళకి ఒక పనికొచ్చాయి," అన్నాడు. ఆవిడ కూర్చుంది. ఎత్తు సరిగ్గా సరిపోయింది. బెంచీ మీద అత్తయ్య ఏమీ తోచక క్యారియర్ మూత తీసి, మళ్ళీ పెట్టేసింది.

"పద్నాలుగో క్లాజు మొదలుపెట్టే ముందు ఒక చిన్న విషయం," అంది కమిషనర్ మేడమ్ ఇంకో కాగితం తీస్తూ. "ఇంటి దగ్గర ఇస్త్రీ చేసేవాళ్ళది. నూట ఎనభై మంది. ఐదో కుర్చీ అడుగుతున్నారు. ఇస్త్రీ వేరే పనే, అందులో సందేహం లేదు. ఎవరో ఒకరు ఒప్పుకోవాలి. ఈ రెండు సంఘాలూ కిందటి నెలలోనే వద్దన్నాయి, మీ దరఖాస్తులా కాక ఆ తీర్మానాలు అప్పుడే నమోదై ముగిశాయి కాబట్టి ఇవాళ మారవు. ఇప్పుడు మీరూ ఒక సంఘం కాబట్టి, మీ మాట చెప్పండి."

తలుపు దగ్గర ఒక మనిషి నిలబడి ఉంది. ముంజేతి మీద కాలిన మచ్చలు, చేతిలో చెమటకు మెత్తబడిన కాగితం. కాజాలక్క కుట్టి పంపిన చొక్కాలు షాపునుంచి మళ్ళీ మూటకట్టి వెళ్ళేది ఆ చేతుల్లోకే. ఒకే వీధిలో కాపురాలు, అయినా ఈ ఆరు నెలల్లో తాను వాళ్ళ గడప తొక్కలేదని కాజాలక్కకు అప్పుడు తట్టింది.

ఆవిడ నోరు తెరవబోతుండగా ఎదురుగా నీళ్ళ గ్లాసు కాస్త జరిగింది. దాని కింద మడత పెట్టిన చీటీ ఒకటి ఉంది. కోటు పెద్దాయన కిటికీలోంచి ఆకాశాన్ని చూస్తున్నాడు. కాజాలక్క చీటీని టేబుల్ కింద విప్పింది.

'ఐదో కుర్చీ వద్దనండి. పద్నాలుగో క్లాజు ఈ పూటే కొట్టేద్దాం. అవునంటే క్లాజు అలాగే ఉంటుంది.'

ఒకసారి బిల్లులో చేరింది కాబట్టి, ఆయన తల అడ్డంగా ఊపితే క్లాజు కదలదు. అది నిజం. వెనక బెంచీల్లో పదకొండు మొహాలు వెలిగిపోతున్నాయి, కింద సైకిల్ గంటలు ఇంకా ఆగలేదు. వాళ్ళకు కావలసింది ఒక్క మాట దూరంలో ఉంది. ఆవిడ మామయ్య వైపు చూసింది. ఆయన ఆ చీటీని చూశాడు. మొహంలో రంగు మారింది. వారపు సెలవు ఎలాంటి చీటీ మీద వచ్చిందో ఆ రంగులో ఆవిడకు అర్థమైంది.

"చెప్పండి. అవునా, కాదా?" అంది కమిషనర్ మేడమ్.

కాజాలక్క చీటీని టేబుల్ మీద పెట్టి, అరచేత్తో మడతలు సాపుచేసింది. "చెప్తాను మేడమ్. దానికి ముందు, నాకిప్పుడే ఒక చీటీ అందింది. గట్టిగా చదవొచ్చా?"

కోటు పెద్దాయన ఆకాశాన్ని వదిలేసి గభాలున చెయ్యి చాచాడు. ఆయన చెయ్యి అందుకునేలోపే ఇంకో చెయ్యి ఆ చీటీ మీద పడి, దాన్ని టేబులుకు అదిమి పట్టింది. వేళ్ళకు తెల్లగా సుద్ద అంటి ఉంది.